ఘాజీ కేసులో మిగిలిన సాక్షి

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి, అదే రోజుల్లో బంగాళాఖాతంలో ఇరవై దాకా వర్తక నౌకలు మునిగిపోయాయి. వాటిని ముంచిందెవరన్న దానిపై తగవు లేదు. ముంచినవాడు చెప్పుకున్నాడు, మునిగినవాడు ఒప్పుకున్నాడు. దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత అదే తీరంలో, విశాఖ ఓడరేవు ముంగిట్లో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ కథ అలాంటిది కాదు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల వల్లే అది మునిగిందని మన నౌకాదళం చెబుతుంది. తన మందుపాతరలో, తన పేలుడు పదార్థాలో పేలి ప్రమాదవశాత్తూ మునిగిందని పాకిస్తాన్ అంటుంది. యాభై ఏళ్లుగా ఈ రెండు వాదాలూ ఎవరి దేశంలో వారికి పాఠాలుగా నడుస్తున్నాయి. నా వాదన ఇది: ఘాజీ మీద గెలుపు మనదే, కానీ ఆ గెలుపు డెప్త్ చార్జీది కాదు. పేలుడుకు కారణమేమిటన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగింది అడుగున పడి ఉన్న ఉక్కు ఒక్కటే. ఆ సాక్ష్యాన్ని కొలిచి, అచ్చువేసి, అందరి ముందూ పెట్టే స్తోమత ఇప్పుడు మనకు ఉంది.

ముందు ఘాజీ విశాఖకు ఎందుకు వచ్చిందో చూడాలి. సముద్రం ముఖం చూడని బస్తర్‌లో, బీజాపూర్, భోపాలపట్నం వైపు తెలుగువారికి కూడా ఈ ఓడరేవు పరాయిది కాదు. ఆనాటి ఉమ్మడి బస్తర్ జిల్లాలోని బైలడిల్లా కొండల నుంచి తవ్విన ఇనుప ఖనిజం కిరండుల్‌లో రైలెక్కి, అనంతగిరి సొరంగాలు దాటి, కొత్తవలస మీదుగా విశాఖ చేరి జపాన్‌కు ఓడ ఎక్కేది. 1960ల చివర్లో మొదలైన ఆ ఎగుమతికి అప్పట్లో దారి ఒక్కటే. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కగా లోపలి రేవులోకి వెళ్లే ఇరుకు కాలువ. బయటి రేవు తెరుచుకున్నది 1976లో. హిందుస్తాన్ షిప్‌యార్డ్, కాల్టెక్స్ చమురు శుద్ధి కర్మాగారం, తూర్పు నౌకాదళ కేంద్రం, అన్నీ ఆ ఒక్క గుమ్మం వెనకే. ఆ గుమ్మం ముందు నాలుగు మందుపాతరలు పరిస్తే నౌకాదళమూ, బస్తర్ ఖనిజమూ రెండూ నిలిచిపోతాయి. ఘాజీకి అప్పగించిన పనులు రెండు: విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతికి ముంచడం, తూర్పు తీరంలో మందుపాతరలు పరచడం. రెండో పని తేలికైనదేమీ కాదు, మొదటిది దొరక్కపోతే చేతికి మిగిలేది మాత్రం అదే.

ఈ నాటకంలోని పెద్ద పాత్రలన్నీ రెండో ప్రపంచ యుద్ధం మిగిల్చిపోయినవే కావడం గమనించదగ్గది. ఘాజీ అసలు పేరు యూఎస్‌ఎస్ డయాబ్లో. అమెరికాలోని పోర్ట్స్‌మత్ నౌకా నిర్మాణ కేంద్రంలో తయారై 1944 డిసెంబరులో నీటిలోకి దిగింది, 1945 మార్చి 31న కొలువులో చేరింది. టెంచ్ తరగతికి చెందిన ఈ జలాంతర్గామి పొడవు 95 మీటర్లు. టార్పెడో గొట్టాలు ముందు ఆరు, వెనక నాలుగు. 1964లో పాకిస్తాన్ దాన్ని అమెరికా నుంచి అద్దెకు తీసుకుంది. దక్షిణాసియాలో ఏ దేశానికైనా అదే మొదటి జలాంతర్గామి. 1965 యుద్ధం తర్వాత టర్కీలోని గోల్చుక్‌లో మరమ్మతులు చేయించి, మందుపాతరలు పరిచే వీలు కల్పించారు. సూయజ్ కాలువ మూతబడి ఉండడంతో ఆఫ్రికా ఖండమంతా చుట్టి రావలసి వచ్చింది. విక్రాంత్ కూడా బ్రిటిష్ వారు 1943లో హెర్క్యులీస్ పేరుతో మొదలుపెట్టి, యుద్ధం ముగియడంతో సగంలో ఆపేసిన ఓడే. మన చేతికి వచ్చింది 1961లో. ఇక రాజ్‌పుత్, 1942లో నీటిలోకి దిగిన బ్రిటిష్ డిస్ట్రాయర్ రోథర్‌హామ్. 1971 నాటికి అది విశ్రాంతికి సిద్ధంగా ఉన్న ముసలి ఓడ. పాకిస్తాన్ దగ్గర కొత్త ఫ్రెంచి జలాంతర్గాములు మూడున్నా, కరాచీ నుంచి సింహళం చుట్టి బంగాళాఖాతం దాకా సుమారు 3,000 మైళ్లు వచ్చి పనిచేసే శక్తి వాటికి లేదు. ఆ ముసలిదాన్నే పంపక తప్పలేదు. నవంబరు 14న కమాండర్ జఫర్ మహమ్మద్ ఖాన్ నాయకత్వంలో 93 మందితో ఘాజీ కరాచీ విడిచింది.

విక్రాంత్ అప్పటికే లోపంతో ఉంది. బాయిలర్లలో ఒకదానికి పగులు రావడంతో పూర్తి వేగం అందుకోలేని స్థితి. జలాంతర్గామి కంటబడితే పరుగెత్తి తప్పించుకునే అవకాశం తక్కువ. అందుకే తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ దాన్ని రహస్యంగా అండమాన్ దీవుల వైపు తరలించారు. అది విశాఖలోనే ఉందని శత్రువును నమ్మించే బాధ్యత రాజ్‌పుత్ మీద పెట్టారు. ఆ ముసలి డిస్ట్రాయర్ తీరానికి దూరంగా తిరుగుతూ, పెద్ద నౌక పంపినన్ని వైర్‌లెస్ సందేశాలు పంపింది. ఒక నావికుడు ఇంట్లో జబ్బుపడిన తల్లి ఎలా ఉందో కనుక్కొమ్మంటున్నట్టుగా, విక్రాంత్ మీది నుంచి వచ్చిందనిపించే ఒక సందేశాన్ని సంకేతభాష లేకుండా వదిలారు. పెద్ద నౌకాదళం ఊళ్లో ఉన్నట్టు బజార్లో మాంసం, కూరగాయలు పెద్ద ఎత్తున కొనే ఏర్పాట్లు చేశారు. ఈ వివరాలన్నీ కృష్ణన్ తన 'నో వే బట్ సరెండర్' పుస్తకంలో చెప్పుకున్నవే. ఎత్తు పారిందనడానికి ఎవరి మాటా అక్కర్లేదు. విక్రాంత్ అండమాన్ దగ్గర ఉండగా ఘాజీ విశాఖ ముంగిట ఉంది. చరిత్రకారుడికి ఇంతకన్నా గట్టి రుజువు దొరకదు.

ఇక ఆ రాత్రి. డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ వైమానిక దాడులతో యుద్ధం మొదలైంది. అర్ధరాత్రికి కాస్త ముందు లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నడుపుతున్న రాజ్‌పుత్, పైలట్ సాయంతో రేవు కాలువ దాటింది. పైలట్‌ను దించేశాక, బయట జలాంతర్గామి పొంచి ఉండవచ్చన్న అనుమానంతో వేగం పెంచింది. కొద్దిసేపట్లో ముందువైపు నీళ్లు అసహజంగా సుడి తిరగడం కనిపించి రెండు డెప్త్ చార్జీలు వదిలి, తనకు అప్పగించిన పని మీద ముందుకు సాగిపోయింది. అర్ధరాత్రి దాటి పావుగంటకు విశాఖ తీరంలో ఇళ్ల కిటికీలు అదిరేలా భారీ పేలుడు వినిపించింది. మర్నాడు మత్స్యకారులు నూనె తెట్టునూ, తేలుతున్న శకలాలనూ చూసి కబురు చేశారు. నౌకాదళ డైవర్లు దిగి, రేవు గోడకు మైలున్నర దూరంలో జలాంతర్గామి పడి ఉందని ఖాయపరిచారు. ప్రభుత్వం ప్రకటన చేసింది డిసెంబరు 9న. అదే రాత్రి డయ్యూ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ మన యుద్ధనౌక ఖుక్రీని ముంచింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాతో పాటు 194 మంది పోయారు.

నౌకాదళ వాదానికున్న బలమంతా డెప్త్ చార్జీలు, పేలుడు ఒకే సమయంలో కలిసిరావడంలోనే ఉంది. ఘాజీ నుంచి పైకి తెచ్చిన గడియారం కూడా పేలుడు వినిపించిన వేళకే ఆగిపోయిందని చెబుతారు. కానీ గడియారం చెప్పేది పేలుడు ఎప్పుడు జరిగిందన్నదే, ఎందుకు జరిగిందన్నది కాదు. డెప్త్ చార్జీ ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఆ బలం మరికొంత సడలుతుంది. నిర్ణీత లోతుకు చేరగానే నీటి ఒత్తిడికి పేలే పీపా అది. జలాంతర్గామి పొట్టును చీల్చాలంటే చాలా దగ్గరగా, కొద్ది మీటర్ల దూరంలో పేలాలి. అందుకే రెండో ప్రపంచ యుద్ధంలో సోనార్ సాయంతో గురి చూసి, ఒక్కో దాడిలో చార్జీలను వరసలు వరసలుగా వదిలేవారు. అయినా తప్పించుకున్న జలాంతర్గాములు ఎన్నో. చీకట్లో, పరుగు మీదున్న ఓడ నుంచి, నీటి సుడిని మాత్రమే చూసి వదిలిన రెండే రెండు చార్జీలు సూటిగా తగలడం అసాధ్యం కాదు, అరుదు. అరుదైనది జరిగిందని చెప్పాలంటే ఆధారం కూడా అంత గట్టిగా ఉండాలి.

ఉన్న ఆధారాల్లో ఎక్కువ భాగం మరోవైపు చూపిస్తున్నాయి. మునిగిన ఘాజీని చూసినవారి కథనాలను బట్టి రాసినవారిలో చాలామంది, పొట్టు ముందుభాగం పగిలిందనీ, రేకులు బయటికి విచ్చుకున్నాయనీ చెప్పారు. దీపావళినాడు పిల్లలు బోర్లించిన డబ్బా కింద టపాకాయ పేల్చి చూస్తే చాలు, లోపలి పేలుడుకూ బయటి దెబ్బకూ తేడా తెలుస్తుంది. లోపలిదైతే డబ్బా ఉబ్బి విచ్చుకుంటుంది, బయటిదైతే సొట్టపడి లోపలికి కుంగుతుంది. సైన్యం తూర్పు కమాండ్‌లో ఆనాడు చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా ఉన్న లెఫ్టినెంట్ జనరల్ జె.ఎఫ్.ఆర్. జాకబ్ ఇంకా ముందుకు వెళ్లారు. 1997లో అచ్చయిన తన 'సరెండర్ ఎట్ ఢాకా'లో, డిసెంబరు 3 ఉదయమే కృష్ణన్ తనకు ఫోన్ చేసి ఘాజీ శకలాలు దొరికాయని చెప్పారనీ, మందుపాతరలు పరుస్తుండగా అది తనంతట తానే పేలిపోవడం దైవఘటన అన్నారనీ, మర్నాడు ఆ మాట మరిచిపొమ్మన్నారనీ రాశారు. 2010లో పత్రికల్లో ఇంకో వార్త వచ్చింది, ఘాజీ మునకకు సంబంధించిన నౌకాదళ దస్త్రాలను ఎన్నడో ధ్వంసం చేసేశారని.

ఈ రెంటినీ కూడా తూకం వేసే తీసుకోవాలి. జాకబ్ చెప్పిన తేదీ నిలవదు. విశాఖ జనం విన్న పేలుడు, కృష్ణన్ కథనం, ఆగిన గడియారం, మూడూ 3వ తేదీ అర్ధరాత్రి వైపే చూపిస్తాయి. పాతికేళ్ల తర్వాత జ్ఞాపకం మీద రాసిన తేదీ కన్నా ఇవి బలమైనవి. అయితే తేదీ తప్పిన సాక్షి కారణం విషయంలోనూ తప్పు చెప్పి ఉండాలని లేదు, ఎందుకంటే కారణం గురించి ఆయన మాట ఒంటరిది కాదు, పొట్టు రేకులూ అదే అంటున్నాయి. దస్త్రాలు పోవడాన్ని కుట్రగా చూసేవారున్నారు. గడువు తీరిన కాగితాలను తగలబెట్టడం మన కార్యాలయాల్లో నిత్యకృత్యం, అందులో దురుద్దేశం వెతకక్కర్లేదు. కానీ ఫలితం ఒక్కటే. కాగితం పోయాక ఇనుము తప్ప మరో సాక్షి మిగలదు. పాకిస్తాన్ మాటను యథాతథంగా నమ్మలేకపోవడానికీ కారణం ఉంది. ప్రమాదమని చెప్పుకుంటే శత్రువు చేతిలో ఓడిపోలేదన్న ఊరట వారికి దక్కుతుంది. ఒకరికి కీర్తి, ఒకరికి ఊరట. తీర్పు చెప్పడానికి ఇద్దరూ తగరు.

డెప్త్ చార్జీ సూటి దెబ్బ కాదన్నంత మాత్రాన కథ ముగియదు, ఇంకా మూడు దారులున్నాయి. బ్యాటరీలు చార్జ్ అవుతున్నప్పుడు వెలువడే హైడ్రోజన్ పోగై పేలడం ఒకటి. తాను పరిచిన మందుపాతర మీదికే తిరిగి రావడం రెండోది. డెప్త్ చార్జీ అదురుకు లోపలున్న టార్పెడోలు, మందుపాతరలు అంటుకోవడం మూడోది. టెంచ్ తరగతి జలాంతర్గామిలో ముక్కు దగ్గర టార్పెడో గది, దాని వెనకే ముందు బ్యాటరీ గది ఉంటాయి, మధ్యలో ఒక ఉక్కు అడ్డగోడ. ఈ మూడు దారుల్లో ఏది నిజమో ఆ గోడ చెప్పగలదు. హైడ్రోజన్ అయితే అది ముక్కు వైపు ఉబ్బి ఉండాలి, టార్పెడో గదిలో పేలితే వెనక్కి. బయట మందుపాతర అయితే పొట్టు అడుగున రేకులు లోపలికి వంగిన రంధ్రం ఉండాలి. టార్పెడో గొట్టాల బయటి తలుపులు తెరిచి ఉంటే మందుపాతరలు పరిచే పనిలో ఉందని, గొట్టాల్లో ఎన్ని మిగిలాయో చూస్తే ఎన్ని పరిచిందో తెలుస్తుంది. పెరిస్కోపు లేచి ఉందా దిగి ఉందా, ముక్కు రెక్కలు ఏ కోణంలో ఆగాయి, ప్రొపెల్లర్ రెక్కలు వంగి ఉన్నాయా అన్నవి ఆఖరి క్షణంలో అది కంగారుగా లోతుకు దిగుతోందో లేదో చెబుతాయి. రాజ్‌పుత్‌ను చూసి కంగారుగా దిగి, అడుగు తగిలి ముక్కు దగ్గర పేలి ఉంటే నౌకాదళ వాదానికి చాలా బలం వస్తుంది. ఇందులో నిపుణులు కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు, చూసి కొలవడమే.

చూడటం అంత తేలికా అన్న ప్రశ్న సహజం. సముద్రంలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం అదనంగా మీద పడుతుంది. మామూలు గాలితో దిగేవారికి 30 మీటర్లు దాటగానే నత్రజని మత్తు మొదలవుతుంది. కొలతలు తప్పడం, చూసింది మరిచిపోవడం మామూలే. 60 మీటర్లు దాటాక అదే గాలిలోని ఆక్సిజన్ విషమై మూర్ఛ తెప్పించగలదు. ఇంకా లోతుకు హీలియం కలిపిన గాలి కావాలి. పైకి రావడానికి గంటల తరబడి ఆగుతూ రావాలి, లేకపోతే రక్తంలో కరిగిన వాయువు బుడగలై ప్రాణం తీస్తుంది. 2024లో నౌకాదళానికి చెందిన లోతు నీటి రక్షణ వాహనం ఘాజీని గుర్తించినప్పుడు, అది తీరానికి రెండు రెండున్నర కిలోమీటర్లలో, సుమారు 100 మీటర్ల లోతులో ఉందని పత్రికలు రాశాయి. అంటే పైనున్న ఒత్తిడికి పదకొండు రెట్లు. నిజంగా అంత లోతైతే, 1971లో మట్టినీటి చీకట్లో చేతితో తడిమి చూసినవారి మాటలను నేటి కొలతలతో సరిచూడటం ఇంకా అవసరం. ఆనాడు ఆ పనికి తోడ్పడిన ఓడ పేరు నిస్తార్, సోవియట్ యూనియన్ నుంచి వచ్చింది. అదే పేరుతో హిందుస్తాన్ షిప్‌యార్డ్ విశాఖలో కట్టిన కొత్త నిస్తార్ 2025 జులై 18న నౌకాదళంలో చేరింది. డైవర్లను 300 మీటర్ల లోతున రోజుల తరబడి పనిచేయించగల ఏర్పాటు, 1,000 మీటర్ల దాకా దిగే యంత్రాలు అందులో ఉన్నాయి. అంతటి ఓడకు తన రేవు ముంగిట మైలున్నర దూరం లెక్కలోది కాదు.

ఎదురయ్యే అభ్యంతరాల్లో బరువైనది సమాధి వాదం. అది 93 మంది పడుకున్న చోటు, కదిలించకూడదు. ఇది న్యాయమైన మాట. నౌకాదళం 2024లో దాన్ని గుర్తించి కూడా ముట్టకుండా వదిలేయడం మంచి సంప్రదాయం. అమెరికా, సోవియట్ యూనియన్ రెండూ దాన్ని పైకి తీస్తామని ముందుకొచ్చినా భారత్ ఒప్పుకోలేదని చెబుతారు, అదీ మేలే అయింది. కానీ చూడటం వేరు, తవ్వడం వేరు. దీపాలు, కెమెరాలు, శబ్దతరంగాల పటాలతో చేసే పరిశీలనలో ఒక్క మేకు కూడా కదలనక్కర్లేదు. అసలు కదిలిస్తున్నవి ఉప్పునీళ్లూ, తగులుకునే వలలూ. ఇనుము ఏటేటా పలచబడుతోంది. అడ్డగోడ కూలాక అది ఎటు ఉబ్బిందో ఎవరూ చెప్పలేరు. కొడుకు, భర్త ఎలా పోయారో తెలుసుకునే హక్కు సరిహద్దు అవతలి ఇళ్లకూ ఉంది. ఖుక్రీ కుటుంబాలకు ఆ వివరం తెలుసు, ఘాజీ కుటుంబాలకు తెలియదు.

రెండో అభ్యంతరం ఆత్మగౌరవానిది. ప్రమాదమని ఒప్పుకుంటే మన నావికుల ఘనత తగ్గిపోదా? తగ్గదు. యుద్ధంలో గెలుపును లెక్కించేది శత్రువు అనుకున్న పని నెరవేరిందా లేదా అన్నదాన్ని బట్టి. ఘాజీ వెతికిన విక్రాంత్ డిసెంబరు 4 నుంచి కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీదికి సీహాక్, అలీజే విమానాలను పంపుతూనే ఉంది. తూర్పు పాకిస్తాన్‌కు సముద్రం దారి మూసుకుపోయింది. ఇదంతా సాధ్యం చేసింది డెప్త్ చార్జీ కాదు, దొంగ సందేశాలు, బజార్లో కొన్న కూరగాయలు, తెలిసి తెలిసి ఎరగా తిరిగిన ఒక ముసలి ఓడ సిబ్బంది ధైర్యం. ఘాజీని విశాఖ కాలువ ముందుకు రప్పించి, అక్కడే కాలయాపన చేయించి, ప్రమాదకరమైన పని తలకెత్తుకునేలా చేసింది ఆ మోసమే. అది పేలినా పేలకపోయినా విక్రాంత్ దానికి దొరికేది కాదు. ఇంత పెద్ద ఘనతను రెండు పీపాల గురికి కుదించడమే మన నావికులకు అన్యాయం.

జనం మనసులో ఈ కుదింపు ఎంత బలంగా నాటుకుందో 2017లో సంకల్ప్ రెడ్డి తీసిన 'ఘాజీ' సినిమా చూపిస్తుంది. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు అందుకున్న ఆ చిత్రంలో ఒక భారత జలాంతర్గామి నీటి అడుగున ఎదురెదురుగా పోరాడి ఘాజీని ముంచుతుంది. అది కల్పన, సినిమా కల్పన చేయడంలో తప్పేమీ లేదు. చరిత్ర తన పని చేయకపోతే కల్పనే చరిత్ర అయిపోతుంది, అదే చిక్కు. రామకృష్ణా బీచ్‌లో ఒడ్డున నిలిపిన ఐఎన్‌ఎస్ కురుసుర లోపల నడిచే పిల్లలకు, ఇరుకు దారులనూ, టార్పెడో గొట్టాలనూ చూపించి జలాంతర్గామి బతుకెలా ఉంటుందో చెప్పగలుగుతున్నాం. కొద్ది దూరంలో నీటి కింద ఉన్నదానికి ఏమైందో మాత్రం ఒక్క కొలత చూపించి చెప్పలేకపోతున్నాం.

కాబట్టి చేయాల్సింది స్పష్టం. నౌకాదళం కొత్త నిస్తార్‌తో ఘాజీని కదపకుండా ఆ చివరి నుంచి ఈ చివరి దాకా పటం గీయించాలి. అడ్డగోడ, గొట్టాల తలుపులు, పొట్టు రేకుల ఛాయాచిత్రాలను, లోతు కొలతలను ప్రచురించాలి. ప్రతిని పాకిస్తాన్ నౌకాదళానికీ, ఆ 93 కుటుంబాలకూ పంపాలి. ఫలితం రాజ్‌పుత్‌కు అనుకూలంగా వస్తే ఆ కీర్తికి తొలిసారి రుజువు దొరుకుతుంది. వ్యతిరేకంగా వస్తే కృష్ణన్ ఎత్తుగడ ఎంత గొప్పదో లోకానికి తెలుస్తుంది. ఎటు తేలినా మనకు నష్టం లేని విచారణ ఇది. ఆలస్యంలోనే నష్టం ఉంది.